కత్తెరకి అందని పాత్ర

1940ల్లో ఎంజీఎం స్టూడియో సినిమాల్లో లీనా హార్న్ ఎలా కనిపించేదో ఒకసారి గమనిస్తే సినిమాల్లో, పుస్తకాల్లో పొలిటికల్ కరెక్ట్‌నెస్ గురించి, అంటే ఎవరూ నొచ్చుకోకుండా కథని సర్దడం గురించి, ఇప్పుడు నడుస్తున్న గొడవలో సగం అక్కడే అర్థమైపోతుంది. అద్భుతమైన గొంతు, అందం, 1942లోనే పెద్ద స్టూడియోతో ఏడేళ్ళ కాంట్రాక్టు, ఒక నల్లజాతి నటికి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అందరూ నల్లజాతి నటులే ఉన్న ఒకటి రెండు సినిమాలు పక్కనపెడితే, మిగతా వాటిలో ఆవిడ పని ఏంటంటే ఎక్కడో ఒక క్లబ్బులోనో స్టేజి మీదో స్తంభానికి ఆనుకుని నిలబడి, మంచి గౌను వేసుకుని, ఒక పాట పాడి వెళ్ళిపోవడం. హీరోతో ఒక్క మాట ఉండదు, హీరోయిన్ వైపు ఒక్క చూపు ఉండదు, కథలో ఎవరికీ ఆవిడతో పనే ఉండదు. ఎందుకలా అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో థియేటర్ల వాళ్ళు ఆ పాట కత్తిరించేసి మిగతా సినిమా వేసుకుంటారు, కత్తిరించినా కథ తెగకూడదు, అందుకని రాసేటప్పుడే అలా రాసి తీసేటప్పుడే అలా తీశారు.

ఇప్పుడు 2019కి వద్దాం. స్టార్ వార్స్ సిరీస్‌లో ఆ ఏడాది వచ్చిన సినిమాలో, చివర్లో యుద్ధం గెలిచాక అందరూ సంబరాలు చేసుకుంటుంటే, ఆ గుంపులో ఇద్దరు ఆడవాళ్ళు ముద్దు పెట్టుకునే షాట్ ఒకటి ఉంటుంది, రెండు మూడు సెకన్లు, కన్నార్పితే మిస్సయ్యేంత. దాని గురించి ముందు నుంచే బోలెడు చర్చ నడిచింది, ఒకవైపు వాళ్ళు చరిత్ర అన్నారు, ఇంకోవైపు వాళ్ళు మా పిల్లల సినిమాలో ఇదేంటి అని మండిపడ్డారు. సింగపూర్‌లో రిలీజ్ చేసేటప్పుడు పిల్లలకి తగ్గ రేటింగ్ పోకూడదని ఆ షాట్ తీసేశారు. తీసేస్తే ఏమైంది? ఏమీ కాలేదు. సినిమా అలాగే నడిచింది, కథలో ఒక్క దారం కూడా తెగలేదు.

ఈ రెండింటి మధ్య డెబ్బై ఏళ్ళకి పైగా తేడా ఉంది. మొదటిది జాతి వివక్షకి తలొగ్గి చేసిన పని, రెండోది పైకి దానికి పూర్తి వ్యతిరేకంగా, అందరినీ కలుపుకుపోవాలని చేసిన పని. కానీ తయారీ పద్ధతి చూస్తే రెండూ ఒకటే, కూరలో కరివేపాకు తీసి పక్కన పెట్టడానికి ఎంత వీలో అంత వీలుగా కట్టారు. పాప్ కల్చర్‌లో పొలిటికల్ కరెక్ట్‌నెస్ గురించి వాదించుకునే రెండు వర్గాల వాళ్ళూ ఈ ఒక్క విషయాన్నే వదిలేస్తారు. తెర మీద ఎవరు కనిపించారు, ఏ రంగు వాళ్ళు, ఏ మాట అన్నారు అని లెక్కపెడతారు గానీ, ఆ మనిషిని తీసేస్తే కథకి తెలుస్తుందా లేదా అని అడగరు. అడగాల్సిన ప్రశ్న అదే. దాంతో కొలిస్తే ఏ నిర్ణయం నమ్మకంతో తీసుకున్నారో, ఏది భయంతో తీసుకున్నారో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఆ మాట సంగతి. పొలిటికల్ కరెక్ట్‌నెస్ అనేది 1990 ప్రాంతంలో అమెరికా పత్రికల్లో, యూనివర్సిటీల గొడవల్లో ఊపందుకున్న మాట, అంతకుముందు వామపక్షం వాళ్ళే తమలో మరీ పట్టుబట్టే వాళ్ళని ఆటపట్టించడానికి వాడుకునేవాళ్ళు. తర్వాత అది తిట్టు అయిపోయింది, ఇప్పుడు దాని స్థానంలో వోక్ అనే మాట వచ్చి కూర్చుంది. మాట కొత్తదే గానీ దాని వెనకున్న పని, అంటే ఎవరో నొచ్చుకుంటారని కథని ముందే సర్దేయడం, సినిమా పుట్టినప్పటి నుంచీ ఉంది. "ఈ రోజుల్లో ఏదీ తీయనివ్వట్లేదు, పాత రోజుల్లో అయితే ఎంత స్వేచ్ఛగా తీసేవాళ్ళో" అనే వాళ్ళకి ఆ పాత రోజులు నిజంగా ఎలా ఉండేవో తెలిస్తే ఆ మాట అనరు.

1915లో అమెరికా సుప్రీంకోర్టు సినిమా అంటే వట్టి వ్యాపారం, దానికి వాక్ స్వాతంత్ర్యం వర్తించదు అని తేల్చేసింది, ఆ మాట మారడానికి 1952 దాకా పట్టింది. మధ్యలో కొన్ని రాష్ట్రాల్లో సెన్సార్ బోర్డులు, చర్చిల ఒత్తిడి, బహిష్కరణ బెదిరింపులు. వీటన్నిటికీ భయపడి స్టూడియోలే కూడబలుక్కుని 1930లో ఒక కోడ్ రాసుకున్నాయి, స్టూడియోల సంఘం పెద్ద విల్ హేస్ పేరు మీద దాన్ని హేస్ కోడ్ అంటారు. 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ ఆఫీసు దాన్ని గట్టిగా అమలు చేసింది, వాళ్ళ సీలు లేకుండా సినిమా విడుదల చేస్తే 25,000 డాలర్ల జరిమానా. నేరం చేసినవాడు శిక్ష పడకుండా బయటపడకూడదు, మతగురువుని ఎగతాళి చెయ్యకూడదు, స్వలింగ సంబంధం ఊసే ఎత్తకూడదు, నల్లజాతి వాళ్ళకీ తెల్లజాతి వాళ్ళకీ మధ్య ప్రేమ చూపించకూడదు. ఈ చివరిది రూల్‌గా రాసి ఉంది మరి. ఇదంతా 1968లో రేటింగ్స్ పద్ధతి వచ్చేదాకా ఏదో ఒక రూపంలో నడిచింది. దాన్ని అప్పుడెవరూ పొలిటికల్ కరెక్ట్‌నెస్ అనలేదు, నీతి అన్నారు, మర్యాద అన్నారు.

దానివల్ల ఎవరు నష్టపోయారో చూడాలంటే అన్నా మే వాంగ్ కథ చాలు. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన చైనీస్ అమెరికన్ నటి, సైలెంట్ సినిమాల కాలం నుంచే స్టార్. చైనా రైతు కుటుంబం కథతో ఎంజీఎం ది గుడ్ ఎర్త్ తీస్తోందని తెలిసి అందులో ఆ రైతు భార్య పాత్ర తనకే వస్తుందని ఆశపడింది, చూసేవాళ్ళూ అదే అనుకున్నారు. కానీ రైతుగా తెల్లజాతి నటుడు పాల్ మునిని పెట్టేశారు, ఇక భార్యగా నిజమైన చైనీస్ మనిషిని పెడితే తెర మీద రెండు జాతుల దంపతులు అవుతారు. కోడ్‌లో అక్షరాలా రాసింది నల్ల, తెల్ల జాతుల గురించే అయినా ఆ భయం అందరి మీదా పడింది. పాత్ర లూయీస్ రైనర్‌కి వెళ్ళింది, సినిమా 1937లో వచ్చింది, ఆమెకి ఆస్కార్ కూడా వచ్చింది. వాంగ్‌కి మాత్రం ఆ ఇంట్లో చిచ్చుపెట్టే రెండో ఆడదాని పాత్ర ఇస్తామన్నారు, ఆవిడ వద్దనేసింది. 2022లో అమెరికా ప్రభుత్వం ఆవిడ బొమ్మతో పావు డాలరు నాణెం వేసింది, ఆ గౌరవం చూసుకోవడానికి ఆవిడ లేదు, 1961లోనే పోయింది.

కామిక్స్‌లో జరిగింది ఇంకా దగ్గరగా చూడాల్సిన విషయం. 1954లో పిల్లలు కామిక్స్ చదివి చెడిపోతున్నారని అమెరికా సెనేట్ కమిటీ విచారణ పెట్టడంతో పబ్లిషర్లు బెదిరిపోయి, సినిమా వాళ్ళని చూసి తామూ ఒక కోడ్ రాసుకున్నారు. ఈసీ కామిక్స్ అనే కంపెనీకి ఒక పాత కథ ఉంది, జడ్జిమెంట్ డే అని, 1953లో మొదట అచ్చయింది. భూమి నుంచి ఒక వ్యోమగామి రోబోలు ఉండే గ్రహానికి వెళ్తాడు, వాళ్ళు గెలాక్సీ కూటమిలో చేరడానికి అర్హులా కాదా చూడటానికి. అక్కడ నారింజ రంగు రోబోలు, నీలం రంగు రోబోలు ఉంటాయి, లోపల మెషీన్ అంతా ఒకటే, పైతొడుగు రంగు ఒక్కటే తేడా, అయినా నీలం వాటికి వేరే బస్సు సీట్లు, తక్కువ పనులు. అంతా తిరిగి చూసి, మీరింకా సిద్ధంగా లేరు అని చెప్పి అతను ఓడ ఎక్కుతాడు. కథ మొత్తం హెల్మెట్‌తోనే ఉంటాడు, ఆఖరి ఫ్రేమ్‌లో తీస్తాడు. నల్లజాతి మనిషి. ముఖం మీద చెమట బిందువులు దూరపు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

1956 సంచికలో దాన్ని మళ్ళీ వేద్దామంటే కోడ్ ఆఫీసు పెద్ద, మాజీ జడ్జి చార్లెస్ మర్ఫీ, ఆ వ్యోమగామి నల్లవాడు కాకూడదు అన్నాడు. కథ రాసిన ఆల్ ఫెల్డ్‌స్టీన్, పబ్లిషర్ విలియం గెయిన్స్ ఇద్దరూ నెత్తీనోరూ కొట్టుకున్నారు, అతను నల్లవాడు కాకపోతే కథే లేదని. గెయిన్స్ కేసు వేస్తానని, ఎందుకు ఆపారో లోకానికంతా చెప్తానని గట్టిగా నిలబడ్డాక, సరే కనీసం ఆ చెమట తీసెయ్యండి అన్నారట. చెమట! నారింజకీ నీలానికీ తేడా లేదని చెప్పే కథ మొత్తం చదివి ఆ ఆఫీసుకి దొరికింది ఒక మనిషి నుదుటి మీది నీటి చుక్కలు. గెయిన్స్ ఆ చెమట కూడా తియ్యకుండా, మార్చకుండా అలాగే అచ్చు వేశాడు, ఈసీ వాళ్ళ కామిక్ బుక్స్‌లో అదే ఆఖరిది అయింది.

ఆ హెల్మెట్ ఫ్రేమ్‌ని లీనా హార్న్ పాట పక్కన పెట్టి చూడండి. పాటని దక్షిణాది థియేటర్ల వాళ్ళు నిమిషంలో కోసేశారు, ఎవరూ గుర్తుపట్టలేదు. ఈ ఫ్రేమ్‌ని కొయ్యాలంటే ముందున్న ఆరేడు పేజీలూ వృథా అయిపోతాయి, నారింజ నీలం రోబోలకి అర్థం ఉండదు, అందుకే కోడ్ ఆఫీసు కత్తెర దాని దగ్గర ఆగిపోయి చెమట చుక్కలతో బేరం ఆడాల్సొచ్చింది. రచయిత ఆ మనిషిని కథ వెన్నెముకలో పెట్టాడు.

ఇక ఇప్పటి గొడవల సంగతి. ఒక పాత్రకి ఆడవాళ్ళని పెట్టినా, నల్లజాతి నటుణ్ణి పెట్టినా "కోటా కోసం పెట్టారు" అనే మాట వెంటనే వచ్చేస్తుంది. నిజమే, కోటా కోసం పెట్టిన పాత్రలు బోలెడు ఉన్నాయి, ఫ్రెండ్ గ్యాంగ్‌లో ఒకరు, ఆఫీసులో ఒక పై అధికారి, నాలుగు మంచి మాటలు చెప్పి మాయమైపోతారు, వాళ్ళకి ఒక కోరికా తప్పూ ఉండవు, ఎందుకంటే తప్పు చేయిస్తే ఎవరైనా ఏమన్నా అంటారేమో అని భయం. తప్పు చేసే హక్కు లేని పాత్ర మనిషిలా ఉండదు, పోస్టర్‌లా ఉంటుంది. దాన్ని విమర్శించడంలో తప్పేం లేదు, కానీ విమర్శ అక్కడితో ఆగకుండా అసలు ఆ మనుషులు తెర మీద ఉండటమే తప్పన్నట్టు మాట్లాడటం మొదలవుతుంది చూడండి, అక్కడ దారి తప్పుతుంది.

ఎందుకంటే ఇదే పని వేరేలా చేసినప్పుడు ఏం జరిగిందో కూడా ఉంది. 1979లో వచ్చిన ఏలియన్ స్క్రిప్టులో అంతరిక్ష ఓడలో ఉన్న సిబ్బంది పాత్రలు ఎవరైనా చెయ్యొచ్చు, ఆడా మగా తేడా లేదు అని రచయితలే నోట్ రాశారు. రిప్లీ పాత్ర సిగోర్నీ వీవర్‌కి వచ్చింది. రిప్లీ మొదట్లో చేసే పెద్ద పని ఏంటంటే, గాయపడ్డ తోటి మనిషిని లోపలికి రానివ్వకుండా క్వారంటైన్ రూల్ ప్రకారం తలుపు తియ్యనని మొండికెయ్యడం. కఠినమైన నిర్ణయం, కరెక్ట్ నిర్ణయం, ఆవిడ మాట కాదని తలుపు తీసినందుకే మిగతా అందరూ పోతారు. రిప్లీని తీసేస్తే సినిమా లేదు. ఆడది కాబట్టి ఇలా ఉంది అని సినిమా ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు.

1968లో చాలా తక్కువ డబ్బుతో జార్జ్ రొమేరో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ ఇంకో దారి. స్క్రిప్టులో హీరో బెన్ జాతి ఏంటో రాసి లేదు, ఆడిషన్‌లో డ్యువేన్ జోన్స్ అందరికంటే బాగా చేశాడని అతన్ని తీసుకున్నారు. రాసుకున్న బెన్ మొరటు ట్రక్ డ్రైవర్, జోన్స్ చదువుకున్నవాడు, ఆ మొరటు మాటలు నేను అననని తన డైలాగులు తనే మార్చుకున్నాడు. రాత్రంతా లేచి నడిచే శవాలతో పోరాడి బతికిన బెన్‌ని తెల్లారి తుపాకులు పట్టుకుని తిరుగుతున్న తెల్లవాళ్ళ గుంపు, శవమనుకుని, కాల్చి చంపేస్తుంది. ఆ ముగింపు అతని జాతిని బట్టి రాసింది కాదు. సినిమా పూర్తిచేసి రీళ్ళు కారులో వేసుకుని న్యూయార్క్ వెళ్తుంటే మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారని రేడియోలో విన్నామని రొమేరో తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ ఏడాది ఆ ముగింపుని ఎవరు ఎలా చూసుంటారో ఊహించుకోవచ్చు. ఒక నిజాయితీ అయిన ఎంపిక కథకి రచయిత కూడా అనుకోనంత బరువు తెచ్చింది.

కాబట్టి రూల్స్ పెడితే మంచిదా చెడ్డదా అనే వాదనలో కూడా కొంచెం దగ్గరికి వెళ్ళి చూడాలి. 2015లో, 2016లో వరసగా రెండేళ్ళు ఆస్కార్ నటన విభాగాల్లో ఇరవైకి ఇరవై నామినేషన్లూ తెల్లవాళ్ళకే వచ్చాయి, పెద్ద గొడవైంది. 2020లో అకాడమీ కొత్త ప్రమాణాలు ప్రకటించింది, 2024 వేడుక నుంచి బెస్ట్ పిక్చర్ కోసం పోటీ పడే సినిమాలకి అవి వర్తించాయి. ఇక కథలు కూడా లెక్క ప్రకారం రాయాలట అని ప్రచారం నడిచింది. అసలు రూల్ చదివితే నాలుగు ప్రమాణాలు, రెండు తీరిస్తే చాలు. ఒకటి తెర మీద కనిపించే వాళ్ళ గురించి, ఒకటి టీమ్ గురించి, ఒకటి ఇంటర్న్‌షిప్‌లు, శిక్షణ గురించి, ఒకటి మార్కెటింగ్, పంపిణీ గురించి. అంటే తెర మీద ఒక్క ముఖం కూడా మార్చకుండా చివరి రెండింటితో గట్టెక్కొచ్చు. కథలకి ఉరి వేశారన్నదీ తప్పే, దీంతో హాలీవుడ్ మారిపోయిందన్నదీ తప్పే. శిక్షణ దొరికిన కుర్రాళ్ళు రేపు రాసే కథల్లో ఏమన్నా మారితే మారాలి, అది మాత్రం చిన్న విషయం కాదు.

వసూళ్ళతో తేల్చేద్దాం అనే వాళ్ళకి అదీ కుదరదు. బ్లాక్ పాంథర్ 2018లో 130 కోట్ల డాలర్లకి పైగా తెచ్చింది, బార్బీ 2023లో 140 కోట్లు దాటింది, ఆ రెండింటినీ కూడా ముందు వోక్ అనే తిట్టారు. ఫెయిలైన వాటి జాబితా కూడా ఎవరైనా చదవొచ్చు. బాగోని సినిమాకి బాగోకపోవడమే కారణం అని ఒప్పుకోవడం ఇరు పక్షాలకీ కష్టంగా ఉంది.

పాతవాటిని దిద్దడం ఇంకో రకం. స్పీల్‌బర్గ్ ఈ.టి. సినిమాని 2002లో ఇరవై ఏళ్ళ సందర్భంగా మళ్ళీ విడుదల చేస్తూ, పిల్లల్ని తరిమే ప్రభుత్వ ఏజెంట్ల చేతుల్లో తుపాకులు డిజిటల్‌గా తీసేసి వాకీటాకీలు పెట్టాడు. సైకిళ్ళ మీద పిల్లలు పారిపోతుంటే ఎదురుగా తుపాకులు కనిపించినప్పుడు చూసే పిల్లాడి గుండె ఆగినంత పనవుతుంది, ఆ వెంటనే సైకిళ్ళు గాల్లోకి లేస్తే ఊపిరి వస్తుంది. వాకీటాకీ చూసి ఎవరికి భయం? సైకిలు గాల్లోకి లేవాల్సిన అవసరం అక్కడే సగం పోయింది. తర్వాత స్పీల్‌బర్గే అలా చెయ్యకుండా ఉండాల్సింది అని ఒప్పుకుని, 2012లో మళ్ళీ తుపాకులతోనే ఇచ్చాడు. తప్పు చేసి దిద్దుకున్నవాడి మీద గౌరవమే పెరుగుతుంది.

పిల్లల కథల రచయిత రోల్డ్ డాల్ పుస్తకాలది మరీ విచిత్రం. 2023లో ఇంగ్లండ్‌లో పఫిన్ అనే పబ్లిషర్లు పిల్లల కోసమని వందల చోట్ల మాటలు మార్చారు, చాక్లెట్ ఫ్యాక్టరీ కథలో తిండిపోతు కుర్రాణ్ణి లావు అనకుండా భారీ అన్నారు. గొడవయ్యాక మాటలు మార్చని పాత పుస్తకాలు కూడా విడిగా అమ్ముతామన్నారు. దీనికంటే ఆలోచించాల్సింది డాల్ బతికుండగా తనే చేసిన మార్పు. 1964 పుస్తకంలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఊంపా లూంపాలు ఆఫ్రికా అడవుల నుంచి తెచ్చిన పిగ్మీలు. నల్లజాతి హక్కుల సంఘాల నుంచి విమర్శలొచ్చాక 1970ల మొదట్లో వాళ్ళని బంగారు గోధుమరంగు జుట్టున్న, ఎక్కడో కల్పిత దేశపు చిన్న మనుషులుగా మార్చాడు. రచయిత తన పని తను సరిచేసుకోవడం అతని హక్కు, మంచిదే. కానీ మార్చింది చర్మం రంగు, జుట్టు. దూరదేశం నుంచి మనుషుల్ని పెట్టెల్లో పెట్టి తెచ్చి, ఫ్యాక్టరీలోనే ఉంచి, జీతంగా కోకో గింజలు ఇచ్చే ఏర్పాటు అలాగే ఉండిపోయింది. నొప్పించింది రంగా, ఆ ఏర్పాటా? పైపూత మార్చడం ఎంత తేలికో, కింద ఉన్నదాన్ని కదిలించడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అమెరికా కార్టూన్ షో ద సింప్సన్స్‌లో అపూ విషయం దీనికి తిరగేసిన బొమ్మలాంటిది, బహుశా అన్నిటికంటే బాధ కలిగించేది కూడా. కిరాణా కొట్టు నడిపే భారతీయుడు, 1990 నుంచి తెల్లజాతి నటుడు హాంక్ అజారియా ఎబ్బెట్టు యాసలో గొంతు ఇచ్చాడు. ఆ యాసతో స్కూళ్ళలో ఎంతమంది పిల్లల్ని వెక్కిరించారో చెప్తూ 2017లో కమెడియన్ హరి కొండబోలు డాక్యుమెంటరీ తీశాడు. ఆ బాధ నిజం. దానికి షో వాళ్ళ మొదటి జవాబు 2018లో ఒక ఎపిసోడ్‌లో, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్నట్టు పాత్రతో చెప్పించి చేతులు దులుపుకోవడం. 2020లో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు, మంచి నిర్ణయం, మనసు పెట్టి తీసుకున్నాడు. కానీ తర్వాత అపూకి కొత్త గొంతూ రాలేదు, కొత్త కథా రాలేదు, గుంపు సీన్లలో మాట లేకుండా అలా కనిపిస్తుంటాడు. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ ఉన్నవాడు, ఒకే కాన్పులో పుట్టిన ఎనిమిదిమంది పిల్లల తండ్రి, మంజుల భర్త, ఆ ఊళ్ళో అంత జీవితం ఉన్న పాత్రలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడిగింది అతన్ని మనిషిలా రాయమని. చేసింది నోరు మూయించడం. ఒకప్పుడు తీసెయ్యడానికి వీల్లేని పాత్ర ఇప్పుడు స్తంభానికి ఆనుకుని నిలబడింది, పాట కూడా లేకుండా.

డబ్బు భయం చేసే మార్పుల మీద మాత్రం ఇంత గొడవ ఎప్పుడూ జరగదు, అదే ఆశ్చర్యం. 2012లో వచ్చిన రెడ్ డాన్ రీమేక్‌లో అమెరికా మీద దండెత్తేది చైనా సైన్యం, అలాగే షూట్ చేశారు. చైనా మార్కెట్ పోతుందని ఎడిటింగ్‌లో జెండాలు, గుర్తులు, డైలాగులు మార్చి ఉత్తర కొరియా చేసేశారు. టాప్ గన్ మావెరిక్ 2019 ట్రైలర్‌లో హీరో జాకెట్ వెనక తైవాన్, జపాన్ జెండాలు మాయమయ్యాయి, 2022లో సినిమా వచ్చేసరికి మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. ఒక దేశం మొత్తాన్ని విలన్‌గా మార్చేసినా, ఒక జెండాని చెరిపేసినా దాన్ని పెద్దగా ఎవరూ కళ మీద దాడి అనలేదు, వ్యాపారంలో ఇవన్నీ మామూలే అన్నారు. మనుషుల మనసు నొప్పించకూడదని చేసిన మార్పు మీద వచ్చే కోపంలో పదో వంతు దీని మీద రాకపోతే, ఆ కోపం నిజంగా కళ కోసమేనా అని అడగాల్సొస్తుంది.

అడ్డంకులే కళని పెంచుతాయి అనే వాదన కూడా ఉంది, హిచ్‌కాక్ దానికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ. 1946లో వచ్చిన నటోరియస్‌లో పొడుగాటి ముద్దుకి కోడ్ ఒప్పుకోదని కేరీ గ్రాంట్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ల చేత చిన్న చిన్న ముద్దులు పెట్టిస్తూ, మధ్యలో రాత్రి భోజనం గురించి, ఫోన్ గురించి గుసగుసలాడిస్తూ రెండున్నర నిమిషాలు నడిపాడు. మామూలు ముద్దుకంటే అది పది రెట్లు దగ్గరితనం చూపించింది. అయితే హిచ్‌కాక్‌కి పేరుంది, స్టార్లున్నారు, కోడ్‌ని చుట్టి రాగలిగాడు. అన్నా మే వాంగ్ ఎంత తెలివిగా నటిస్తే ఆ రూల్‌ని చుట్టి రాగలదు? అక్కడ అడ్డంకి ఆవిడ ముఖమే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, రావాలి కూడా. కథలో పని లేకపోయినా కనిపించడం కూడా విలువైనదే కదా అని. అంతరిక్ష ఓడ కథలతో వచ్చిన టీవీ సిరీస్ స్టార్ ట్రెక్‌లో ఉహూరాగా చేసిన నిషెల్ నికోల్స్‌కి మొదటి సీజన్‌లో డైలాగులు ఎంత తక్కువంటే, సిగ్నల్ పంపాను సార్ అన్న ముక్కే మళ్ళీ మళ్ళీ. విసుగొచ్చి మానేద్దామనుకుంది. ఒక సభలో మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, మానొద్దు, మమ్మల్ని మేం ఎలా చూసుకోవాలో అలా చూపించే చోట నువ్వున్నావు అన్నారని ఆవిడ జీవితాంతం చెప్పింది. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మే జెమిసన్ చిన్నప్పుడు ఉహూరాని చూసే ఆ కల కన్నానంది. డైలాగులు లెక్కపెడితే ఉహూరా చిన్న పాత్రే. కానీ ఆవిడ కూర్చున్న చోటు ఓడని నడిపే గది, కెప్టెన్ కుర్చీ వెనకాలే, కథలో సగం జరిగేది అక్కడే. ఆవిడని కత్తిరించాలంటే కెప్టెన్‌ని కూడా కత్తిరించాలి.

1968లో ఒక ఎపిసోడ్‌లో ఆ కెప్టెన్ కిర్క్, ఉహూరా ముద్దు పెట్టుకోవాలి. దక్షిణాది స్టేషన్లు ప్రసారం చెయ్యవేమోనని ఛానెల్ వాళ్ళకి భయం పట్టుకుంది, ముద్దుతో ఒకటి, ముద్దు లేకుండా ఒకటి తియ్యండి, ఏది వెయ్యాలో తర్వాత చూద్దాం అన్నారు. అదే పాత పద్ధతి, కత్తెరకి చోటు ఉంచుకోవడం. ముద్దుతో టేకులు అయ్యాయి. ముద్దు లేని టేకు తీస్తున్నప్పుడు విలియం షాట్నర్ సీనంతా పద్ధతిగా నటిస్తూ వచ్చి, సరిగ్గా ఆఖర్లో కెమెరా వైపు తిరిగి మెల్లకన్ను పెట్టాడట. సెట్లో అప్పుడు ఎవరూ గమనించలేదు, మర్నాడు తీసిన ఫిల్మ్ వేసి చూసుకుంటే ఆ టేకు వాడుకోవడానికి పనికిరాదు, మళ్ళీ తియ్యడానికి టైమ్ లేదు. ఈ సంగతి నికోల్స్ తర్వాత తన పుస్తకంలో రాసింది. ఎపిసోడ్ ముద్దుతోనే వెళ్ళింది.